యాత్ర ఫొటోలు: అసలు ఫైలు ఎక్కడుంది?

ఫోనులో తీసిన ఫొటోలో కంటికి కనిపించే బొమ్మ ఒక్కటే ఉండదు. ఆ ఫైలులో బొమ్మతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా రాసి ఉంటాయి: ఏ రోజు ఏ గంటకు తీశారు, ఏ ఫోనుతో తీశారు, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర తీశారు అన్నవి. ఈ సమాచారాన్ని ఎగ్జిఫ్ అంటారు. 1990ల మధ్యలో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం దీన్ని రూపొందించింది. యాత్ర ఫొటోలకు ఇది చాలా విలువైనది. పదేళ్ల తర్వాత ఆల్బమ్ తెరిచి, ఈ గోపురం కుంభకోణంలోదా చిదంబరంలోదా అని ఇంట్లో వాదన వస్తే తీర్పు చెప్పేది ఈ సమాచారమే. బొమ్మ ఎంత బాగున్నా, ఎగ్జిఫ్ ఊడిపోయిన ఫొటోకు ఊరూ పేరూ ఉండవు.

ఇక బొమ్మ సంగతి. 12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే అడ్డంగా 4,000, నిలువుగా 3,000, మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఒక్కో చుక్క రంగు రాయడానికి మూడు బైట్లు వేసుకుంటే ఫైలు 36 ఎంబీ అవ్వాలి. నిజానికి ఫోనులో అది 3 నుంచి 5 ఎంబీ మధ్య ఉంటుంది. ఈ తగ్గింపు జేపెగ్ పద్ధతి వల్ల వచ్చింది. మనిషి కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత బాగా రంగుల్లోని చిన్న తేడాలను పట్టలేదు. జేపెగ్ బొమ్మను ఎనిమిదేసి చుక్కల గళ్లుగా విడగొట్టి, కన్ను గమనించని వివరాలను ప్రతి గడిలోంచీ తీసేస్తుంది. తీసేసినవి మళ్లీ రావు. అదే ఫైలును మళ్లీ మళ్లీ కుదించి సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ మరికొంత పోతుంది.

జేపెగ్ 1992లో ప్రమాణంగా వెలువడినా, దాని కీలకమైన గణితం 1974లో అచ్చయిన ఒక పరిశోధన పత్రంలోది. ఆ పత్రం రాసిన ముగ్గురిలో మొదటివారు బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్. తక్కిన ఇద్దరు టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఈ కె.ఆర్. రావు పూర్తి పేరు కమిశెట్టి రామమోహనరావు. ఈ ఆలోచనపై పరిశోధనకు అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులివ్వలేదని, ఇది మరీ సులువుగా ఉందన్న అభిప్రాయం వచ్చిందని నసీర్ అహ్మదే తర్వాత రాశారు. ప్రపంచంలోని ఫోన్లన్నీ ఇవాళ ఆ సులువైన లెక్క మీదే నడుస్తున్నాయి. 2017 నుంచి ఐఫోన్లు జేపెగ్‌కు బదులు హైక్ అనే కొత్త రకం ఫైలు వాడుతున్నాయి. అదే నాణ్యతకు అది దాదాపు సగం చోటే తీసుకుంటుంది. పాత కంప్యూటర్లలో, కొన్ని కలర్ ల్యాబ్ యంత్రాల్లో మాత్రం అది తెరుచుకోదు.

ఈ లెక్కన ఒక యాత్రకు ఎంత చోటు కావాలి? కాశీ, గయ, ప్రయాగ చూసి వచ్చిన నలుగురు తలా నాలుగు వందల ఫొటోలు తీశారనుకుంటే, ఒక్కోటి 4 ఎంబీ చొప్పున 6.4 జీబీ. గంగా హారతి, పడవ ప్రయాణం కలిపి 4కె నాణ్యతలో అరగంట వీడియో తీస్తే ఇంకో 5 నుంచి 12 జీబీ. ఫోను రకాన్ని, సెట్టింగును బట్టి నిమిషం వీడియోకు 170 నుంచి 400 ఎంబీ దాకా పడుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్ కూడా సర్దుకోవాలి. ఆపిల్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. అరగంట వీడియోయే నలుగురి ఫొటోలన్నిటికీ దీటుగా చోటు తింటుంది. ఖాతా నిండిందని హెచ్చరిక వచ్చినప్పుడు చాలామంది ముందుగా ఫొటోలు తీసేయడం మొదలుపెడతారు. వణుకుతూ తీసిన నాలుగు వీడియోలు తీసేస్తే వందల ఫొటోలకు చోటు దొరుకుతుంది.

దాచే చోటు

ఆన్‌లైన్‌లో ఫొటోలు దాచుకోవడం అద్దె ఇంట్లో ఉండటం లాంటిది. యజమాని మారితే షరతులు మారతాయి, ఒక్కోసారి ఖాళీ చేయమంటారు కూడా. పాతికేళ్ల చరిత్ర చూస్తే ఇది పదేపదే జరిగింది. 1999లో మొదలైన ఓఫోటో అనే సైటును 2001లో కొడాక్ కొనేసింది. ఫొటోలు ఉచితంగా దాచుకోవచ్చు, ప్రింట్లు కొనుక్కోవచ్చు అన్నది దాని పద్ధతి. కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది, అదే ఏడాది జూలైలో ఆ సైటు మూతపడింది. వాడకందార్ల ఫొటోలు షట్టర్‌ఫ్లై అనే మరో కంపెనీకి చేరాయి. 2004లో కెనడాలో పుట్టిన ఫ్లికర్‌ను మరుసటి ఏడాది యాహూ కొంది. 2013లో ఒక్కో ఖాతాకు ఏకంగా ఒక టెరాబైట్ ఉచితమని ప్రకటించింది. 2018లో స్మగ్‌మగ్ చేతికి వెళ్లాక అదే ఫ్లికర్, ఉచిత ఖాతాకు వెయ్యి ఫొటోలే పరిమితి అని చెప్పింది.

తెలుగువారిలో ఒక తరానికి ఇంకా దగ్గరగా తగిలింది ఆర్కుట్. బ్రెజిల్, భారత్‌లలో విపరీతంగా వాడిన ఆ సైటును గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసేసింది. ఫొటోలు దించుకోవడానికి గడువు ఇచ్చింది కానీ, కాలేజీ టూర్ల ఫొటోలు అక్కడే ఉన్నాయన్న సంగతి చాలామందికి గుర్తొచ్చేసరికి ఆ గడువు దాటిపోయింది. 2015 మేలో వచ్చిన గూగుల్ ఫొటోస్, కాస్త కుదించిన ఫొటోలను ఎన్నైనా ఉచితంగా దాస్తానంది. ఆరేళ్ల తర్వాత, 2021 జూన్ 1 నుంచి, ఆ ఉచితం ఆగిపోయింది. ఆ తేదీకి ముందు కుదించి ఎక్కించినవి నేటికీ లెక్కలోకి రావు. తర్వాత ఎక్కించిన ప్రతిదీ 15 జీబీలోంచి పోతుంది. ఈ మార్పుల్లో మోసమేమీ లేదు. డిస్కులకు, కరెంటుకు, వాటిని చూసే మనుషులకు ఖర్చవుతుంది కాబట్టి ఎవరో ఒకరు చెల్లించాల్సిందే. ఉచితం అన్న మాటను శాశ్వతం అని చదువుకోవడమే పొరపాటు.

ఇంకో షరతు చాలామందికి తెలియదు. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఫొటోలతో సహా తొలగించవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. ఫొటోల కోసమే విడిగా జీమెయిల్ తెరిచి, నిండగానే వదిలేసి, ఇంకోటి తెరిచే అలవాటు ఉన్నవారు దీన్ని గమనించాలి. ఖాతాదారు చనిపోతే ఏమవుతుందన్నది కూడా ఆలోచించాల్సిన సంగతే. గూగుల్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’, ఐఫోన్‌లో ‘లెగసీ కాంటాక్ట్’ అనే ఏర్పాట్లు ఉన్నాయి. ఖాతా ఎవరికి అందాలో ముందే పేరు రాసి పెట్టడమే వీటి పని. అలా రాసి పెట్టకపోతే పాస్‌వర్డ్ తెలియని పిల్లలు కంపెనీతో ఉత్తరప్రత్యుత్తరాలు నడపాలి.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఆన్‌లైన్‌లో కనిపిస్తోందంటే భద్రంగా ఉన్నట్టేనని అనుకుంటారు. గూగుల్ ఫొటోస్, ఐక్లౌడ్ ఫొటోస్ రెండూ ప్రధానంగా జతకలిపే సేవలు. ఫోనులో ఉన్నదీ అక్కడ ఉన్నదీ ఒకేలా ఉంచడమే వాటి ధర్మం. అందువల్ల ఆ యాప్‌లో ఒక ఫొటోను డిలీట్ చేస్తే రెండుచోట్లా పోతుంది. ఫోను నిండిందని, పైన ఎలాగూ ఉన్నాయి కదా అని తీసేసినవారికి ఇది ఆలస్యంగా తెలుస్తుంది. గూగుల్ చెత్తబుట్టలో బ్యాకప్ అయిన ఫొటోలు 60 రోజులు ఉంటాయి, ఆపిల్‌లో 30 రోజులు. ఆ తర్వాత ఎవరినడిగినా లాభం లేదు. ఫోనులో చోటు కావాలంటే గూగుల్ ఫొటోస్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే బటన్ విడిగా ఉంది. అది బ్యాకప్ అయినవాటిని మాత్రమే, ఫోనులోంచి మాత్రమే తీస్తుంది.

ఈ కారణంగానే ఫొటోగ్రాఫర్లు మూడు, రెండు, ఒకటి అనే లెక్క పాటిస్తారు. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్. ప్రతి ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. మామూలు కుటుంబానికి ఇది కష్టమేమీ కాదు: ఫోను, క్లౌడ్ ఖాతా, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు ఉంటే సరి. హార్డ్‌డిస్కు మీద యాత్రకొక ఫోల్డర్ పెట్టి, ఏడాది, నెల, ఊరు వరుసలో పేరు రాస్తే ఏ కంపెనీ యాప్ లేకుండానే వెతుక్కోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను మాత్రం ఈ లెక్కలో వేసుకోకూడదు. అది ఫొటోలు మోయడానికి పనికొస్తుంది గానీ ఏళ్లకేళ్లు దాచడానికి కాదు. పెళ్లి స్టూడియోలు ఒకప్పుడిచ్చిన సీడీలు ఇంట్లో ఉంటే వాటిని వెంటనే కాపీ చేసుకోవడం మంచిది. తేమ సోకిన సీడీలు చాలావరకు చదవడానికి వీలులేకుండా పోతాయి, పైగా వాటిని తిప్పే డ్రైవ్ కొత్త ల్యాప్‌టాప్‌లలో లేదు.

ఫొటోలు పోయే ప్రమాదం ఇంటికొచ్చాకే కాదు, దారిలోనూ ఉంది. వైఫై దొరికినప్పుడే బ్యాకప్ చేయమన్న సెట్టింగు చాలా ఫోన్లలో ఉంటుంది. సత్రాల్లో, రైళ్లలో వైఫై ఉండదు, ఉన్నా నత్తనడకే. నాలుగో రోజు ఫోను పడవలోంచి జారి నదిలో పడితే నాలుగు రోజుల ఫొటోలూ దానితోపాటే పోతాయి. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ చొప్పున డేటా ఇచ్చే ప్రీపెయిడ్ ప్యాక్‌లలో, రాత్రి పన్నెండయ్యేలోపు మిగిలిన డేటా ఎటూ పోతుంది. పడుకునే ముందు ఆ సెట్టింగు మార్చి ఆ డేటాతో ఫొటోలు ఎక్కించుకోవచ్చు. వీడియోలను మాత్రం వైఫైకి వదిలేస్తే సరి. ప్రీపెయిడ్ సిమ్‌తో జమ్మూకశ్మీర్‌కు వెళ్లేవారికి ఇది కుదరదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తాయి. వైష్ణోదేవి, అమర్‌నాథ్ యాత్రలకు వెళ్లేటప్పుడు రాత్రిపూట ఫొటోలను బృందంలోని మరొకరి ఫోనులోకో, చిన్న డిస్కులోకో కాపీ చేసుకోవడమే దారి.

విదేశాలకు వెళ్లేవారికి గడియారం చిక్కు ఒకటుంది. ఫోను స్థానిక సమయానికి తనంతట తానే మారుతుంది. విడి కెమెరా మారదు, భారత కాలమానంలోనే ఉండిపోతుంది. ఇంటికొచ్చాక రెండింటి ఫొటోలు కలిపితే సింగపూర్‌లో మధ్యాహ్న భోజనం ఉదయం పూటే తిన్నట్టు కనిపించడం లాంటి వింతలు జరుగుతాయి. బయల్దేరే ముందు కెమెరా గడియారం సరిచేసుకోవడం ఒక్క నిమిషం పని. తర్వాత వందల ఫొటోల తేదీలు దిద్దడానికి పూటంతా పడుతుంది.

ఒక కంపెనీ నుంచి మరోదానికి మారాలనుకునేవారికి ఇప్పుడు దారులు మెరుగయ్యాయి. గూగుల్‌లో ‘టేక్‌అవుట్’ ద్వారా మొత్తం ఫొటోలను కట్టకట్టి దించుకోవచ్చు. అయితే గూగుల్ ఫొటోస్‌లో తర్వాత రాసుకున్న వివరణలు, సరిదిద్దిన తేదీలు ఫొటో లోపల కాకుండా పక్కనే జేసన్ అనే చిన్న ఫైలులో వస్తాయి. చెత్త ఫైళ్లనుకుని వాటిని తీసేస్తే ఆ శ్రమంతా వృథా. ఐక్లౌడ్ నుంచి గూగుల్‌కు 2021 నుంచి, గూగుల్ నుంచి ఐక్లౌడ్‌కు 2024 నుంచి నేరుగా పంపించే ఏర్పాటు కూడా ఉంది. అలా పంపినప్పుడు కాపీలు మాత్రమే వెళ్తాయి, పాతచోట ఉన్నవి అలాగే ఉంటాయి.

పంచడం

తెలుగు ఇళ్లలో ఫొటోలు పంచుకోవడమంటే వాట్సాపే. యాత్ర ముగియకముందే ‘కాశీ ట్రిప్’ అనే గ్రూపు పుడుతుంది, అందులో ఐదారు వందల ఫొటోలు పడతాయి, అందరూ అవే తమ ఫొటోలనుకుంటారు. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోను పొడవు వైపు దాదాపు 1,600 చుక్కలకు కుదిస్తుంది. 12 మెగాపిక్సెళ్ల ఫొటో రెండు మెగాపిక్సెళ్లకు పడిపోతుంది. ఎగ్జిఫ్ కూడా ఊడిపోతుంది: తీసిన తేదీ, చోటు ఉండవు, ఫోనులో దించుకున్న తేదీ ప్రకారం ఎక్కడో పడుతుంది. ఫోను తెర మీద చూస్తే తేడా కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ నొక్కితే ఎక్కువ చుక్కలు వెళ్తాయి గానీ అది కూడా అసలు ఫైలు కాదు. అసలు ఫైలు చేరాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. అలా పంపితే ఒక్క చుక్కా పోదు, ఎగ్జిఫ్ కూడా నిలుస్తుంది.

వాట్సాప్‌లో వచ్చింది వాట్సాప్‌కే సరిపోతుంది. బంధువులకు చూపించడానికి, స్టేటస్ పెట్టుకోవడానికి ఆ రెండు మెగాపిక్సెళ్లు చాలు, అంతకంటే పెద్దది పంపి అవతలివారి ఫోను నింపడం మర్యాద కూడా కాదు. ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే, తీసినవారు అసలు ఫైలు డిలీట్ చేసి, తీయించుకున్నవారు గ్రూపులోని ప్రతిని దాచుకున్నప్పుడు. చివరికి కుటుంబం మొత్తానికి మిగిలేది ఆ చిన్న ప్రతే.

బృందంగా వెళ్లినప్పుడు గ్రూపు కంటే షేర్డ్ ఆల్బమ్ మేలు. ఒకరు గూగుల్ ఫొటోస్‌లో ఆల్బమ్ తెరిచి లింకు పంపితే, జీమెయిల్ ఉన్న మిగతావారు తమ ఫొటోలు కూడా అందులోనే చేరుస్తారు. చూడటానికైతే ఖాతా కూడా అక్కర్లేదు. ఆపిల్ షేర్డ్ ఆల్బమ్ ఫొటోను 2,048 చుక్కలకు కుదిస్తుందని గుర్తుంచుకోవాలి. 2022లో వచ్చిన ‘షేర్డ్ ఫొటో లైబ్రరీ’లో మాత్రం ఆరుగురిదాకా అసలు ఫైళ్లనే పంచుకోవచ్చు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు, గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులు ఉన్న ఇళ్లలో ఈ ఆల్బమ్‌లు బాగా పనికొస్తున్నాయి. పిల్లలకు ఐఫోన్, పెద్దవాళ్లకు ఆండ్రాయిడ్ ఉండటం మామూలే. అలాంటప్పుడు రెండింటిలోనూ తెరుచుకునే ఆల్బమ్ ఎంచుకోవాలి, లేకపోతే అమ్మకు లింకు తెరుచుకోదు, ఫోన్ కాల్‌లో సాంకేతిక పాఠం మొదలవుతుంది.

లింకుతో పంచుకునే పద్ధతిలో ఒక లోపం ఉంది. లింకు ఎవరి చేతిలో ఉంటే వారికల్లా తలుపు తెరుచుకుంటుంది. పెదనాన్నగారికి పంపింది ఆయన వాకింగ్ గ్రూపుకు చేరితే ఆ గ్రూపంతా చూడొచ్చు. పని అయ్యాక లింకు ఆపేయవచ్చు, ఆల్బమ్ సెట్టింగుల్లో ఫొటో తీసిన చోటు కనిపించకుండా కూడా చేయవచ్చు. ఊరి ఫొటోలకు చోటు తెలిస్తే నష్టమేమీ లేదు, కానీ ఆ ఆల్బమ్‌లోనే ఇంటి ముందు ఆటో ఎక్కుతున్న ఫొటో ఉంటే అది ఇంటి చిరునామా చెప్పినట్టే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లు ఎగ్జిఫ్‌లోని చోటును చూసేవారికి చూపవు. ఎక్కించే కంపెనీకి మాత్రం ఆ సమాచారం అందుతుంది.

సంక్రాంతి, దసరా సెలవులు రాగానే తెలుగు రాష్ట్రాల పోలీసులు ఏటా ఒక హెచ్చరిక చేస్తుంటారు: ఊరెళ్తున్నామని సోషల్ మీడియాలో పెట్టకండి అని. తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు కూడా నడుపుతున్నారు. ముందే యాప్‌లో చెప్పినవారి ఇంట్లో కెమెరా పెట్టి, లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్ రూమ్‌కు కబురందేలా చూస్తారు. ఫొటోలు ఇంటికొచ్చాక పెట్టుకుంటే ఈ బెడద చాలావరకు ఉండదు. లైకులు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినా తగ్గవు.

బంధుమిత్రులకే కాక లోకానికంతా పనికొచ్చే ఫొటోలు కూడా ప్రతి యాత్రలో కొన్ని ఉంటాయి. మనుషులెవరూ లేని ఆలయ శిల్పం, పాత కోట గోడ, ఊరి చెరువు లాంటివి. వీటికి తగిన చోటు వికీమీడియా కామన్స్. అక్కడ చేర్చిన ఫొటోను, తీసినవారి పేరు చెప్పి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెలుగు వికీపీడియాలో ఊళ్ల వ్యాసాలకు, గుళ్ల వ్యాసాలకు బొమ్మలు చాలావరకు అక్కడినుంచే వస్తాయి. లేపాక్షి, హంపి వంటి పేరున్న చోట్లకు ఫొటోల కొదవ లేదు. దారిలో పేరు తెలియని మండలంలో కనిపించిన శిథిల మండపానికి ఒక్క ఫొటో కూడా లేకపోవచ్చు. అలాంటి దాన్ని చేర్చితే మేలు ఎక్కువ.

అచ్చు వేయించడం

తెర మీద బాగున్న ఫొటో కాగితం మీద ఎంత సైజు దాకా నిలుస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు ఉంటే స్పష్టంగా వస్తుంది. 4×6 అంగుళాల ప్రింటుకు 1,200 బై 1,800, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు చాలు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఇక్కడిదాకా గట్టెక్కుతుంది. అదే ఫొటోను 12×18కి పెంచితే అంగుళానికి 90 చుక్కలు కూడా మిగలవు. ముఖాలు మైనపు బొమ్మల్లా, ఆకులు పచ్చ మరకల్లా వస్తాయి. 12 మెగాపిక్సెళ్ల అసలు ఫైలుకైతే ఆ సైజులో అంగుళానికి 220కి పైగా చుక్కలు ఉంటాయి. గోడకు తగిలించి నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫొటోకు అది బాగా సరిపోతుంది. ఫోనులో వేళ్లతో జూమ్ చేసి తీసినవి వేరే సంగతి. వాటిలో చుక్కల సంఖ్య ఉన్నంతగా వివరం ఉండదు.

సైజుతో పాటు ఆకారం కూడా చూసుకోవాలి. ఫోను ఫొటో నాలుగుకు మూడు కొలతలో ఉంటుంది, 4×6 కాగితం మూడుకు రెండు కొలతలో. నిండా వేయాలంటే ఫొటో పైనో కిందో తొమ్మిదో వంతు కోసేయాల్సిందే. గోపురం కలశం, అంచున నిలబడ్డ మేనత్త కాళ్లు పోయేది ఇక్కడే. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఎక్కడ కోయాలో చూపించే తెర దాదాపు అన్ని ప్రింటింగ్ సైట్లలో ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే ముందుకు నొక్కేస్తారు. స్టూడియోలో అయితే తెల్ల అంచుతో పూర్తి ఫొటో వేయమని అడగవచ్చు.

కలర్ ల్యాబ్‌లలో వేసే ప్రింటు నిజానికి ఇంకుతో అచ్చు వేసింది కాదు. వెండి లవణాలు పూసిన కాగితం మీద లేజరు కాంతితో బొమ్మను పడేసి, రసాయనాల్లో ముంచి తీస్తారు. ఫిల్మ్ రోజుల్లో ప్రింటు తయారైన తీరే ఇది, నెగెటివ్ ఒక్కటే పోయింది. పర్యాటక స్థలాల్లో అక్కడికక్కడే తీసి ఇచ్చే ఫొటోలు వేరే రకం. చిన్న యంత్రంలో పసుపు, గులాబీ, నీలం రంగుల రిబ్బన్‌ను వేడి చేసి రంగును కాగితంలోకి దింపుతారు, చివర పారదర్శకమైన పొర వేస్తారు. నిమిషంలో చేతికొస్తుంది, తడి తగిలినా చెదరదు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరుతో వేసుకోవడం సరదాగా ఉంటుంది గానీ, ఇంకు కాట్రిడ్జ్, ఫొటో కాగితం ధర లెక్క వేస్తే ల్యాబ్ ప్రింటే చవక.

స్టూడియోలతో ఉన్న పెద్ద చిక్కు మళ్లీ వాట్సాపే. “ఫొటో ఈ నంబరుకు పంపండి సార్” అంటారు, వీళ్లు మామూలుగా పంపేస్తారు, కుదించిన ప్రతి మీద పెద్ద ప్రింటు పడుతుంది. డాక్యుమెంట్‌గా పంపినా, మెయిల్ చేసినా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా ఈ బాధ తప్పుతుంది. ఐఫోన్ ఫైళ్లయితే ముందే జేపెగ్‌లోకి మార్చి ఇవ్వాలి. ఇంకో మాట కూడా చెప్పి ఇవ్వడం మంచిది. ల్యాబ్ యంత్రాల్లో, ఆపరేటర్ల అలవాటులో ఫొటోను తనంతట తానే సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. పెళ్లి ఫొటోలకు అది పనికొస్తుందేమో గానీ, భీమిలి తీరంలో సూర్యోదయాన్ని అది ఎర్రడాలు ఎక్కువైన ఫొటోగా చూసి చల్లబరిచేస్తుంది, నల్లని ముఖాలను తెల్లబరుస్తుంది. కరెక్షన్ వద్దు అని ఒక్క మాట చెబితే చాలు. ఫోను తెర వెనకనుంచి వెలిగిపోతూ ఉంటుంది కాబట్టి ప్రింటు ఎప్పుడూ దానికంటే చీకటిగా అనిపిస్తుంది. ఎక్కువ ప్రింట్లు వేయించే ముందు రెండు మూడు నమూనాగా వేయించి చూసుకుని, అవసరమైతే వెలుగు పెంచి ఇవ్వాలి.

విడి ప్రింట్ల బదులు ఫొటోబుక్ చేయించుకునేవారు పెరిగారు. యాత్రకు ఇది నిజంగా తగిన రూపం, ఎందుకంటే పుస్తకానికి వరుస ఉంటుంది, పక్కన నాలుగు మాటలు రాసుకునే చోటుంటుంది. పెళ్లిళ్ల కరిజ్మా ఆల్బమ్ చేసే స్టూడియోలే దీన్ని కూడా చేస్తాయి, ఆన్‌లైన్ కంపెనీలూ చేస్తాయి. విదేశాల్లో ఉన్న పిల్లలు అక్కడినుంచే ఇక్కడి సైటులో ఆర్డరిచ్చి అమ్మానాన్నల ఇంటికి నేరుగా పంపించడం తేలిక. పుస్తకం అక్కడ చేయించి ఇక్కడికి పంపితే కొరియర్ ఖర్చు పుస్తకం ధరను మించవచ్చు. కష్టమంతా ఎంపికలోనే ఉంది. పదహారు వందల ఫొటోల్లోంచి అరవై ఏరాలి. ఒకే మెట్ల మీద ఒకే నవ్వుతో తీసిన పదింటిలో ఒకటి ఉంచాలి. రెండు పేజీలు కలిసే నడిమి మడతలో ముఖం పడకుండా చూడాలి. గుళ్లు, కొండలే కాక రైల్లో పులిహోర పొట్లం విప్పిన ఫొటో, సత్రం గదిలో ఆరేసిన తడి పంచెల ఫొటో కూడా ఉంచితేనే అది ఆ కుటుంబం చేసిన యాత్ర అవుతుంది. లేకపోతే టూరిజం శాఖ కరపత్రంలా ఉంటుంది.

తెలుగులో శీర్షికలు రాసుకోవాలంటే మరికొంత జాగ్రత్త కావాలి. ఫోనులో టైపు చేసేది యూనికోడ్ తెలుగు. చాలా స్టూడియోలు, డీటీపీ సెంటర్లు వాడేది పాత పద్ధతిలోని ‘అను’ ఫాంట్లు. ఒకదాంట్లోది మరోదాంట్లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌నే వాడినా, సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగు లేకపోతే ఒత్తులు విడిపోయి ‘శ్రీ’ కాస్తా ముక్కలైపోతుంది. విదేశీ సైట్లలో కొన్ని తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వేస్తాయి. తుది పేజీలను పీడీఎఫ్‌గా తెప్పించుకుని, తెలుగు చదవగలిగినవారు ఒక్కో పేజీ చూసి సరేనన్నాకే అచ్చుకు ఇవ్వాలి. మాటలను బొమ్మగా మార్చి అతికించడం మొరటు పద్ధతే గానీ నమ్మకమైనది.

ప్రింటు చేతికొచ్చాక దాని శత్రువులు ఎండ, తేమ, జిగురు. నేరుగా ఎండ తగిలే గోడ మీద ఏ ఫొటో అయినా వెలిసిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో వానాకాలం బూజు పడుతుంది కాబట్టి ఆల్బమ్‌లను గోడకు ఆనించిన బీరువా అడుగున కాకుండా గాలి ఆడేచోట నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి. ఫ్రేములో అద్దానికి ఫొటో నేరుగా తగిలితే కొన్నేళ్లకు అతుక్కుపోతుంది, మధ్యలో అట్ట అంచు ఉండాలి. ప్లాస్టిక్ పొర లేపి అతికించే జిగురు పేజీల ఆల్బమ్‌లు ఫొటోలకు పసుపు పట్టిస్తాయి, తీయబోతే చిరుగుతాయి. జేబులు ఉన్న ఆల్బమ్ వాటికంటే చాలా మేలు. వెనకవైపు ఊరు, తేదీ, మనుషుల పేర్లు రాయాలనుకుంటే బాల్‌పెన్ వాడకూడదు. నొక్కిన చోట ముందువైపు గీత తేలుతుంది. ఫొటోలకని అమ్మే సన్న మార్కర్‌తో అంచున రాసి, పూర్తిగా ఆరాకే ఒకదానిమీద ఒకటి పేర్చాలి.